లుబాన్స్కి లేని పోలండ్: కోచ్ కజిమియెష్ గుర్స్కి మీద ఒక కేస్ స్టడీ

1973 జూన్ 6న సొంతగడ్డ మీద, హోజూఫ్ నగరంలో పోలండ్ 2-0తో ఇంగ్లండ్‌ని ఓడించింది. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఆ జట్టుకు మళ్ళీ ఊపిరి పోసిన గెలుపు అది. రెండో గోల్ వ్వొజిమియెష్ లుబాన్స్కిది. ఇంగ్లండ్ కెప్టెన్ బాబీ మూర్ కాళ్ళ దగ్గర బంతి లాగేసుకుని ఒక్కడే దూసుకెళ్ళి గోల్‌కీపర్ షిల్టన్‌ని దాటించాడు. కాసేపటికే మోకాలి లిగమెంట్లు దెబ్బతిని మైదానం వదిలాడు. 1974 ప్రపంచ కప్ అతను ఆడనే లేదు.

కోచ్‌గా గుర్స్కి పనితనం చూడాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి. లుబాన్స్కి అప్పటికి 26 ఏళ్ళవాడు, కెప్టెన్. పదహారేళ్ళ వయసు నుంచీ జాతీయ జట్టుకు గోల్స్ కొడుతున్నాడు. కెరీర్ ముగిసేసరికి అతని లెక్క 48 గోల్స్. 2017లో లెవన్‌డోవ్స్కి దాటేదాకా పోలండ్‌లో అదే రికార్డు. అలాంటివాడు గాయంతో జట్టుకు దూరమయ్యాక సెప్టెంబరు 26న వేల్స్‌తో, అక్టోబరు 17న వెంబ్లీలో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లు మిగిలాయి. చేతిలో ఉన్నది మూడున్నర నెలలు. ఏడాది తిరిగేసరికి అదే జట్టు ప్రపంచ కప్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడి 16 గోల్స్ కొట్టి మూడో స్థానంలో నిలిచింది. స్టార్ స్ట్రైకర్‌ని పోగొట్టుకున్న జట్టు అంతకు ముందుకన్నా బలంగా ఎలా ఆడిందన్నదే ఈ కేసులోని ప్రశ్న. జిల్లా జట్టు నడిపే కోచ్‌కీ సీజన్ మధ్యలో ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

కోచ్ నేపథ్యం

గుర్స్కి 1921లో ల్వూఫ్‌లో పుట్టాడు. అప్పట్లో అది పోలండ్ నగరం, ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వీవ్. ఫార్వర్డ్‌గా ఆడేవాడు. యుద్ధం తర్వాత వార్సా చేరి లెగియా క్లబ్‌కు ఆడాడు. జాతీయ జట్టు తరఫున ఆడింది ఒక్కటే మ్యాచ్: 1948 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ చేతిలో 0-8. ఆ మ్యాచ్‌లోనూ సగం పూర్తికాకముందే అతన్ని బయటికి తీశారు. గొప్ప ఆటగాడిగా పేరు తెచ్చుకుని కోచ్ అయిన మనిషి కాడన్నమాట.

ఈ కేసుకు ముఖ్యమైంది ఆ తర్వాత జరిగింది. క్లబ్బుల్లో కోచింగ్ ఇస్తూనే ఏళ్ళ తరబడి పోలండ్ జూనియర్ జట్టును, ఆపైన 23 ఏళ్ళలోపు జట్టును చూసుకున్నాడు. 1970 చివర్లో సీనియర్ జట్టు చేతికొచ్చేసరికి ఆ తరం కుర్రాళ్ళలో చాలామందిని ఎదిగే వయసులోనే చూసి ఉన్నాడు. ఎవరు ఏ వైపు నుంచి బాగా పరిగెడతారో, ఒత్తిడి పెరిగితే ఎవరు బంతి దాచుకుంటారో తెలుసుకోవడానికి అతనికి కొత్తగా ట్రయల్స్ పెట్టాల్సిన పని లేకపోయింది. సెలెక్షన్‌లో దీనికి మించిన పెట్టుబడి లేదని నా అభిప్రాయం.

మొదటి ఏడాది పెద్దగా ఏమీ ఒరగలేదు. 1971 అక్టోబరులో వార్సాలో పశ్చిమ జర్మనీ 1-3తో ఓడించింది. గోల్‌కీపర్ యాన్ తొమషెవ్స్కికి అదే తొలి అంతర్జాతీయ మ్యాచ్. మరుసటి ఏడాది మ్యూనిక్ ఒలింపిక్స్‌లో గోల్ ముందు నిలబడింది హుబెర్ట్ కోస్త్కా. ఫైనల్లో హంగరీ మీద మొదటి సగం వెనకబడి కూడా కజిమియెష్ డేనా రెండు గోల్స్‌తో 2-1తో గెలిచి పోలండ్ స్వర్ణం తెచ్చుకుంది. ఆ టోర్నీలో డేనా మొత్తం 9 గోల్స్ కొట్టాడు. అప్పట్లో ఒలింపిక్స్ అమెచ్యూర్లకే, అంటే ఆటని వృత్తిగా చేసుకోనివాళ్ళకే; సోషలిస్టు దేశాల ఆటగాళ్ళను కాగితాల మీద అమెచ్యూర్లుగానే చూపేవారు కాబట్టి, ప్రపంచ కప్ ఆడబోయే జట్టే ఒలింపిక్స్‌కీ వెళ్ళగలిగింది. సంవత్సరాల తరబడి ఒకే జట్టు కలిసి ఆడటం గుర్స్కికి దొరికిన పెద్ద సౌలభ్యం. పైగా ఆటగాళ్ళను చిన్న వయసులో విదేశీ క్లబ్బులకు పోనిచ్చేవారు కాదు. అందరూ దేశంలోనే ఉండేవారు, శిబిరానికి పిలిస్తే వచ్చేవారు.

లోటు పూడ్చిన తీరు

అర్హత పోటీల్లో మూడే జట్లు: ఇంగ్లండ్, వేల్స్, పోలండ్. 1973 మార్చిలో కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 0-2తో ఓడి పోలండ్ తప్పటడుగుతో మొదలుపెట్టింది. హోజూఫ్ గెలుపు దాన్ని సరిచేసింది. కానీ సరిచేసిన మనిషే ఇప్పుడు లేడు.

లుబాన్స్కి జట్టులో మూడు పనులు చేసేవాడు. మధ్యలోంచి లోతైన పరుగు తీసి డిఫెన్స్‌ని వెనక్కి నెట్టేవాడు. కౌంటర్ ఎటాక్‌లో (బంతి గుంజుకున్న వెంటనే చేసే ఎదురుదాడిలో) మొదటి పాస్ అందుకునేవాడు. గోల్ ముందు ముగించేవాడు. సాధారణంగా కోచ్‌లు చేసే పొరపాటు ఏంటంటే ఈ మూడూ చేయగల ఇంకో మనిషి కోసం వెతకడం. దొరకడు. దొరికినవాడు మూడింట్లో ఒకటే చేయగలడు, మిగతా రెండూ గాలికి పోతాయి. పదిమందీ పాత అలవాటుతో పాత చోటికే పాస్ ఇస్తూ ఉంటారు. రెండు మ్యాచ్‌లయ్యాక కొత్త స్ట్రైకర్ మీద నింద పడుతుంది.

గుర్స్కి ఆ మూడు పనులను ముగ్గురికి పంచాడు. లోతైన పరుగు కుడి వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) గ్జెగోష్ లాటోకి వెళ్ళింది. లాటో మ్యూనిక్ జట్టులో ఉన్నా అక్కడ ప్రధాన ఆటగాడు కాడు. అతని సొత్తు వేగం, ముఖ్యంగా బంతి లేకుండా తీసే పరుగు. కౌంటర్‌లో బంతి అందుకుని ముందుకు మోసే పని ఎడమవైపు రోబెర్ట్ గదోహాది. సెంటర్ ఫార్వర్డ్‌కి మిగిలింది ముగించే పని ఒక్కటే. ముందు యాన్ దొమార్స్కి, ఆ తర్వాత ఆంజెయ్ షర్మాహ్ ఆ చోటికి వచ్చారు. బంతి ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించేది వెనక ఉన్న డేనా. హోజూఫ్ ఉన్న సిలేసియా ప్రాంతపు ప్రేక్షకులు వార్సా క్లబ్ ఆటగాడని డేనాని ఈలలతో వెక్కిరించిన రోజులున్నాయి. గుర్స్కి అతన్ని కదిలించలేదు.

ఇంకో సంగతి గమనించాలి. లాటో, దొమార్స్కి, మిడ్‌ఫీల్డర్ హెన్రిక్ కస్పెర్చాక్ ముగ్గురూ స్టాల్ మియెలెత్స్ క్లబ్‌వాళ్ళు. ఆ క్లబ్ 1973లోనే పోలండ్ లీగ్ గెలిచింది. జాతీయ శిబిరంలో దొరికే పదిరోజుల్లో కొత్త ఫార్వర్డ్‌కి వింగర్‌తో జతకుదరడం అసాధ్యం. ఏడాది పొడవునా క్లబ్‌లో కలిసి ఆడిన జంటని తెచ్చి పెడితే ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. జిల్లా జట్టు ఎంపికలో కూడా ఇది పనికొస్తుంది: ఒకే స్కూల్, ఒకే క్లబ్ జంటల్ని విడదీయకండి, ఇద్దరిలో ఒకరు కాస్త బలహీనుడైనా సరే.

సెప్టెంబరులో హోజూఫ్‌లో వేల్స్‌ని 3-0తో ఓడించారు. గోల్స్ కొట్టింది గదోహా, లాటో, దొమార్స్కి. అంటే ముందు వరుసలోని ముగ్గురూ తలా ఒకటి. పని పంపకం కుదిరిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు ఉండదు.

వెంబ్లీ

పోలండ్‌కి డ్రా చాలు, ఇంగ్లండ్‌కి గెలుపు తప్పనిసరి. మూడు వారాల ముందు ఇంగ్లండ్ అదే మైదానంలో ఆస్ట్రియాని 7-0తో చిత్తుచేసింది. గుర్స్కి దించిన జట్టు ఇది: తొమషెవ్స్కి, షిమనోవ్స్కి, గోర్గోన్, బుల్జాత్స్కి, ముషావ్, కస్పెర్చాక్, చ్మికియెవిచ్, డేనా, లాటో, దొమార్స్కి, గదోహా.

కాగితం మీద 4-3-3, అంటే నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఆటలో చాలాసేపు 4-5-1లాగే కనిపించింది, ఎందుకంటే ఇంగ్లండ్ బంతిని వదల్లేదు. అయినా డ్రా కోసం ఆడే జట్టు అనుకున్నట్టుగా ముందు ముగ్గుర్నీ తీసి డిఫెండర్లని పెట్టలేదు. వింగర్లిద్దరూ ఉన్నారు కాబట్టి ఇంగ్లండ్ డిఫెండర్లు ఎంత ముందుకొస్తే వెనక అంత ఖాళీ మిగిలింది. 57వ నిమిషంలో టచ్‌లైన్ పక్కన నార్మన్ హంటర్ బంతి పోగొట్టుకున్నాడు. లాటో అందుకుని పరుగెత్తి అడ్డంగా లోపలికి ఇచ్చాడు. దొమార్స్కి మొదటి తాకులోనే తన్నిన బంతి షిల్టన్ కింద నుంచి దూరిపోయింది. మియెలెత్స్ జంట చేసిన గోల్ అది. ఆరు నిమిషాలకు అలన్ క్లార్క్ పెనాల్టీతో సమం చేశాడు. ఆ తర్వాతంతా తొమషెవ్స్కిదే. అతన్ని ఒక టీవీ విశ్లేషణలో ఇంగ్లిష్ కోచ్ బ్రయన్ క్లఫ్ 'విదూషకుడు' అన్నాడు. ఆట మొదట్లోనే చేతికి దెబ్బ తగిలినా చివరిదాకా నిలిచి, కాలితో, మోకాలితో, ఏది అందితే దానితో ఆపాడు. 1-1. గ్రూపులో పోలండ్‌కి 5 పాయింట్లు, ఇంగ్లండ్‌కి 4.

ఇందులో అదృష్టం పాలు ఎంతో ఉంది, దాన్ని దాచి ఈ మ్యాచ్‌ని వ్యూహ విజయంగా బోధించడం విద్యార్థులకు అన్యాయం. ఇరవైకి పైగా కార్నర్లు ఇచ్చిన డిఫెన్స్‌ని ఆదర్శమనలేం. నేర్చుకోవాల్సింది ఆ ఒక్క 57వ నిమిషం: ఒత్తిడిలో ఉన్న జట్టు కూడా ఇద్దరిని ముందు ఉంచితేనే ప్రత్యర్థి తప్పు గోల్‌గా మారుతుంది.

దీన్ని శిక్షణలో పెట్టాలంటే 60 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు చాలు. ఒక చివర గోల్, కీపర్, నలుగురు డిఫెండర్లు. రెండో చివర ఆరుగురు బంతి కాపాడుతూ ఉంటే నలుగురు గుంజుకోవాలి. గుంజుకున్న జట్టు వింగర్లు ఇద్దరు మధ్య గీత దగ్గర టచ్‌లైన్‌కి ఆనుకుని, స్ట్రైకర్ మధ్యలో. బంతి చిక్కగానే విజిల్ లేకుండా లెక్క మొదలు: 10 సెకన్లలో, మూడు పాస్‌లు దాటకుండా షాట్ పడాలి. ఆరు ప్రయత్నాలు ఒక సెట్, రెండు నిమిషాల విరామం, నాలుగు సెట్లు. సాధారణంగా చెడేది మొదటి పాస్ దగ్గర. గుంజుకున్నవాడు ఊపిరి తీసుకోడానికి పక్కకి ఇస్తాడు, అక్కడే మూడు సెకన్లు పోతాయి. రెండో లోపం స్ట్రైకర్ తొందర. వింగర్ తల ఎత్తకముందే పెనాల్టీ ప్రాంతంలోకి చేరి డిఫెండర్ పక్కన నిలబడిపోతాడు. వెంబ్లీలో దొమార్స్కి పాస్ వచ్చే వేళకు ఇంకా పరుగులోనే ఉన్నాడు, ఆ షాట్‌కి బలం అక్కడినుంచే వచ్చింది. ఇద్దరు వింగర్లు ఒకే ఎత్తులో పరుగెత్తడం మూడో తప్పు. ఒకరు ముందు, ఒకరు అయిదారు మీటర్లు వెనక ఉండాలి, లేకపోతే తిరిగొచ్చే బంతి ఎవరికీ అందదు.

1974: పశ్చిమ జర్మనీలో

ప్రపంచ కప్‌కి ముందు జట్టులో మూడు మార్పులు నిలిచాయి. వెనక 20 ఏళ్ళ వ్వాదిస్వావ్ జ్ముదా గోర్గోన్ పక్కకి వచ్చాడు. ముందు షర్మాహ్ వచ్చాడు. మిడ్‌ఫీల్డ్‌లో డేనా, కస్పెర్చాక్‌లతో జిగ్మున్త్ మష్చిక్.

అర్జెంటీనాతో మొదటి మ్యాచ్ ఎనిమిది నిమిషాల్లో 2-0 అయింది. మొదటిది కార్నర్ బంతిని కీపర్ కార్నెవాలి చేజార్చుకోగా లాటో తోసేశాడు. మరుసటి నిమిషమే లాటో ఇచ్చిన పాస్‌తో షర్మాహ్ రెండోది కొట్టాడు. రెండో సగంలో అర్జెంటీనా ఒకటి తిరిగి ఇచ్చిన రెండు నిమిషాలకే కీపర్ చేత్తో విసిరిన బంతిని లాటో మధ్యలో అందుకుని మూడోది వేశాడు. చివరికి 3-2. హైతీ మీద 7-0, ఇటలీ మీద 2-1. ఇటలీ మ్యాచ్‌లో షర్మాహ్ హెడర్‌కీ, డేనా దూరం నుంచి కొట్టిన షాట్‌కీ బంతి ఇచ్చింది ఇద్దరికీ కస్పెర్చాకే. రెండో దశలో స్వీడన్ మీద 1-0, యుగోస్లావియా మీద 2-1.

గోల్స్ లెక్క చూడండి: లాటో 7, షర్మాహ్ 5, డేనా 3, గోర్గోన్ 1. టోర్నీలో అత్యధిక గోల్స్ లాటోవే. గదోహా ఒక్క గోల్ కూడా కొట్టలేదు, అయినా ఆ జట్టులో అతన్ని తీసేస్తే సగం గోల్స్ ఉండవు. క్రాసులూ (అంచునుంచి గోల్ ముందుకు వేసే బంతులు) కార్నర్లూ అతనివి. స్వీడన్ మీద గోల్ ఇలా వచ్చింది: ఎడమనుంచి గదోహా క్రాస్, ఫార్ పోస్ట్ (బంతి వచ్చే వైపుకి దూరపు గోల్ స్తంభం) దగ్గర షర్మాహ్ తలతో వెనక్కి తిప్పడం, మధ్యలోకి వచ్చిన లాటో తలతో ముగించడం. యుగోస్లావియా మీద గెలిపించిన గోల్ గదోహా కార్నర్‌కి నియర్ పోస్ట్ (దగ్గరి స్తంభం) దగ్గర లాటో హెడర్. పొట్టివాళ్ళున్న జట్టు కూడా కార్నర్‌లో గోల్ కొట్టగలదని ఈ గోల్ చూపిస్తే కుర్రాళ్ళు నమ్ముతారు, ఎందుకంటే నియర్ పోస్ట్‌లో ఎత్తుకన్నా సమయం ముఖ్యం.

ఆ కార్నర్‌ని సాధన చేయించేటప్పుడు గురి గోల్‌కీపర్ పెట్టె దగ్గరి మూల మీద ఉండాలి. బంతి మొదటి డిఫెండర్ తలకి ఒక జానెడు పైనుంచి, వేగంగా రావాలి. తలతో కొట్టేవాడు పెనాల్టీ మచ్చకి ఆవలినుంచి బయల్దేరాలి. కార్నర్ కొట్టేవాడు ఆనించే కాలు నేల తాకిన క్షణమే అతని పరుగుకు సంకేతం. ఇంకొకరు మచ్చ దగ్గర, ఒకరు ఫార్ పోస్ట్‌లో, ఒకరు పెట్టె అంచున తిరిగొచ్చే బంతికోసం. ఇద్దరు మధ్య గీత దగ్గర ఆగాలి. ప్రతి వైపు నుంచి పదేసి. పది లోపు నాలుగైనా మొదటి డిఫెండర్‌కి తగిలి ఆగిపోతే తప్పు కొట్టేవాడిది. బంతి దాటిపోయాక పరుగు చేరితే తప్పు పరుగెత్తేవాడిది. ఈ రెండింటినీ విడివిడిగా రాసుకోకపోతే నెలరోజులైనా ఎవర్ని సరిదిద్దాలో తెలియదు.

గుర్స్కి పేరు చెప్పగానే పోలండ్‌లో "బంతి గుండ్రంగా ఉంటుంది, గోల్ పోస్టులు రెండు" అన్న మాట చెప్తారు. ఇలాంటి మాటలు విని అతన్ని ఊరికే మంచి మాటలు చెప్పే పెద్దమనిషి అనుకోవద్దు. సహాయ కోచ్ యాత్సెక్ గ్మోహ్ చదువుకున్న ఇంజనీరు, ప్రత్యర్థుల ఆట గురించి సమాచారం పోగేసి వర్గీకరించి 'సమాచార బ్యాంక్' నడిపేవాడు. ఇంకో సహాయకుడు ఆంజెయ్ స్ట్రెయ్‌లావ్. ఇద్దరూ తర్వాత జాతీయ జట్టు కోచ్‌లయ్యారు. ఇంత సమాచారం పోగుచేసి, ఆటగాళ్ళకి మాత్రం రెండు మూడు వాక్యాలే చెప్పడంలోనే గుర్స్కి తెలివి ఉంది. మ్యాచ్ ముందు గంటసేపు బోర్డు మీద గీతలు గీసే కోచ్‌లు ఈ ఒక్క విషయం పట్టుకున్నా చాలు.

క్రమశిక్షణలో మెత్తనివాడూ కాడు. ఇటలీ మ్యాచ్ తర్వాత శిబిరం వేళ మీరినందుకు డిఫెండర్ ఆదమ్ ముషావ్‌ని స్వీడన్ మ్యాచ్‌కి పక్కన పెట్టి జ్బిగ్నియెవ్ గూత్‌ని దించాడు. గెలుస్తున్న జట్టులో, అదీ ప్రపంచ కప్ రెండో దశలో. ఆ మ్యాచ్ 1-0తో, తొమషెవ్స్కి ఒక పెనాల్టీ ఆపితేగాని గెలవలేదు. ముషావ్ ఆ తర్వాత జట్టులోకి తిరిగొచ్చాడు. శిక్ష ఒక మ్యాచ్‌తో ముగిసింది, పగగా మారలేదు. శిక్ష ఎంతకాలమో ముందే తెలిసినప్పుడు మిగతా ఆటగాళ్ళు కోచ్ పక్షాన నిలుస్తారు.

ఫ్రాంక్‌ఫర్ట్ నీళ్ళు

జులై 3న ఫైనల్ చేరడానికి పశ్చిమ జర్మనీతో మ్యాచ్. ఇద్దరికీ రెండేసి గెలుపులు, కానీ గోల్స్ తేడాలో జర్మనీ ముందుంది కాబట్టి వాళ్ళకి డ్రా చాలు. కుండపోత వానకి మైదానం చెరువైంది. ఫైరింజన్ సిబ్బంది నీళ్ళు తోడాక ఆలస్యంగా ఆట మొదలైంది. షర్మాహ్ గాయంతో లేడు, దొమార్స్కి ఆడాడు. తొమషెవ్స్కి హ్యోనెస్ పెనాల్టీ ఆపాడు; ఒకే ప్రపంచ కప్‌లో ఆటలో భాగంగా రెండు పెనాల్టీలు ఆపిన మొదటి గోల్‌కీపర్ అయ్యాడు. 76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ గోల్. 0-1.

నీళ్ళు ఇద్దరికీ సమానమే అంటారు. నేను ఒప్పుకోను. నేల మీద వేగంగా దొర్లే పాస్, దాని వెనక వింగర్ పరుగు అన్న పద్ధతిలో ఆడే జట్టుకి నీళ్ళలో బంతి ఆగిపోతే ఆయుధమే పోతుంది. లాటో పరుగుకి ముందు వేసిన పాస్ సగం దూరంలో గుంటలో నిలిచిపోతుంది. అలాంటి నేల మీద గాల్లో పాస్, దానికి తలతో ఆడే స్ట్రైకర్ కావాలి, ఆ రోజు లేనివాడు షర్మాహే. గెలుపు అవసరమైన జట్టుకి రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. వానాకాలం టోర్నీలకి వెళ్ళే కోచ్ ఇది గుర్తుపెట్టుకోవాలి: నేల ఆటకి ఒక ప్రణాళిక, నీళ్ళ ఆటకి వేరే ముందు వరుస, శిబిరంలోనే రెండూ ఆడించి ఉండాలి.

మూడు రోజుల తర్వాత మ్యూనిక్‌లో మూడో స్థానం కోసం బ్రెజిల్‌తో ఆట. మష్చిక్ పాస్‌తో లాటో కుడినుంచి ఒంటరిగా వెళ్ళి కీపర్ లియావోని దాటించాడు. 1-0.

ఎక్కడ తెగింది

1975 సెప్టెంబరులో హోజూఫ్‌లో నెదర్లాండ్స్‌ని 4-1తో ఓడించడం ఈ జట్టు శిఖరం. నెల తర్వాత ఆంస్టర్‌డామ్‌లో 0-3తో ఓడి, ఇటలీతో 0-0 డ్రా చేసుకుని, నెదర్లాండ్స్‌తో సమాన పాయింట్లున్నా గోల్స్ తేడాతో యూరో (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్) అవకాశం పోగొట్టుకున్నారు. 1976 మాంట్రియాల్ ఒలింపిక్ ఫైనల్లో తూర్పు జర్మనీ చేతిలో 1-3. రజతం తెచ్చినా స్వదేశంలో దాన్ని వైఫల్యంగానే చూశారు. గుర్స్కి తప్పుకున్నాడు. 73 మ్యాచ్‌లు, 45 గెలుపులు.

అప్పటికి గదోహా ఫ్రాన్స్‌లో నాంత్ క్లబ్‌కి వెళ్ళి ప్రొఫెషనల్ అయ్యాడు, ఒలింపిక్స్‌కి పనికిరాడు. మాంట్రియాల్ ఫైనల్లో ముందు వరుస లాటో, షర్మాహ్, కజిమియెష్ క్మియెచిక్. క్మియెచిక్ సెంటర్ ఫార్వర్డ్. షర్మాహ్ ఆ టోర్నీలో 6 గోల్స్ కొట్టాడు కూడా. కానీ ఎడమ అంచున ఉండి క్రాస్ వేసే పని, కార్నర్ కొట్టే పని, బంతి మోసే పని ఎవరివో తేలలేదు. లుబాన్స్కి పోయినప్పుడు పనుల్ని విడగొట్టి పంచిన కోచ్, గదోహా పోయినప్పుడు మనిషికి మనిషిని పెట్టాడు. నా లెక్కలో ఆ జట్టు క్షీణతకి అలసట ఒక కారణమైతే ఇది రెండోది.

ఆ తర్వాత గ్రీస్‌లో పనాథినైకోస్‌ని 1977లో, ఒలింపియాకోస్‌ని 1981లో లీగ్, కప్పు రెండూ గెలిపించాడు. 1991 నుంచి 1995 వరకు పోలండ్ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడు. 2006 మే 23న వార్సాలో చనిపోయాడు. వార్సా జాతీయ స్టేడియం ఇప్పుడు అతని పేరుతోనే ఉంది.